ఇద్దరికి ఒక గది, సముద్రం వైపు

లిఫ్టు మెషీన్ గది, పద్నాలుగో అంతస్తు పైన
ఫిబ్రవరి 9, ఆదివారం

అక్కా,

ఫోన్లో అయితే "బాగున్నాను" అనేసి పెట్టేయొచ్చు, కాగితం మీద అలా కుదరదని నువ్వు ఎప్పుడూ అంటావు. నిజమే. ఈ ఉత్తరం కోసం నాలుగు కాగితాలు చింపాను.

నాకు పెళ్లి కుదిరింది. ఎవరో కుదర్చలేదు, నేనే కుదుర్చుకున్నాను.

ఆవిడ మందుల షాపులో పని చేస్తుంది. నవంబరులో మా లిఫ్టు ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య బ్రేకు పట్టేసి ఆగిపోయింది. లోపల ఆవిడ ఒక్కతే ఉంది. తలుపు తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. మా పనిలో మొదటి నియమం నీకు చెప్పానుగా, లోపల ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడుతూనే ఉండాలి, ఆపకూడదు. ఏం మాట్లాడాలో తెలియక అన్నీ చెప్పేశాను. హాస్టల్లో నేను ఊడదీసిన రేడియో సంగతి, నీ సంగతి, అమ్మ పోయాక నువ్వు నాకు జడలు వేసి నవ్వించిన సంగతి కూడా. తలుపు తెరుచుకున్నాక ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంతసేపూ మాట్లాడింది మీరేనా?" అంది. అప్పటికే నా నోరు పడిపోయింది.

పెళ్లి జులై ఇరవై నాలుగున, రిజిస్ట్రారు ఆఫీసులో. నువ్వు రావాలి.

ఇంకొకటి. అడగడానికి సిగ్గుగా ఉంది. మీ రిసార్టులో సిబ్బంది బంధువులకు గది తగ్గింపులో ఇస్తారని ఒకసారి రాశావు. ఆవిడ ఇప్పటిదాకా సముద్రం చూడలేదట. కుదరకపోతే వద్దు.

నీ తమ్ముడు

•

లినెన్ రూమ్, నేలకింది అంతస్తు
ఫిబ్రవరి 17

ఒరేయ్ నట్టూ,

నీ ఉత్తరం దుప్పట్ల గుట్ట మీద కూర్చుని చదివాను. చదివాక మా సూపర్‌వైజరు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది. నా మొహం అలా ఉందట. పెళ్లి అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

కనబడ్డ ప్రతిదాని నట్లూ ఊడదీసి నట్టు అనిపించుకున్నవాడివి, ఒక మనిషిని బిగించుకుంటున్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. కొంచెం కోపంగా కూడా ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదమూడు ఆదివారాలు ఉత్తరాలు రాశావు, ఒక్కదాంట్లోనూ ఈ లిఫ్టమ్మాయి ముక్క లేదు. నీ కడుపులో ఎన్ని దాచుకుంటావురా? అయినా ఇప్పుడు పోట్లాడను.

గది సంగతి. అడగడానికి సిగ్గెందుకు? ఇక్కడ పదేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఒక్కసారి, మూడు రాత్రులు, సముద్రం వైపు గది చాలా తక్కువకి ఇస్తారు. వానల నెలల్లోనే ఇస్తారు, అప్పుడు ఎలాగూ ఖాళీ. జీవితంలో ఒక్కసారే. సొంతానికి వాడుకోవచ్చు, తోడబుట్టినవాళ్ళకో పిల్లలకో రాసివ్వొచ్చు. నాకు పోయిన ఏడాదే నిండాయి. నాకెందుకు చెప్పు? సముద్రం నాకు రోజూ కనిపించేదే. మీరు రండి.

ఒక్క షరతు. మనవాళ్ళు అతిథులుగా దిగినప్పుడు యూనిఫాంలో వెళ్ళి పలకరించకూడదు. ఇది వాళ్ళ నియమం. అయినా నాకు పలకరించక్కర్లేదు. గదిలోంచి కిందికొచ్చే బట్టలు చాలు నాకు. పోట్లాడుకున్నవాళ్ళ దుప్పటి ఇటు అంచునా అటు అంచునా నలుగుతుంది, మధ్యలో ఇస్త్రీ చెక్కు చెదరదు. కొత్తగా పెళ్లైనవాళ్ళది ఎలా ఉంటుందో నీకు చెప్పను, చిన్నవాడివి. ఒంటరిగా వచ్చినవాళ్ళు రెండో దిండు తీసి కుర్చీలో పెడతారు, దాని గలీబు ఇస్త్రీ చెదరకుండా కిందికొస్తుంది. పెట్టనివాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు.

కాబట్టి మంచిగా ఉండు. నాకన్నీ తెలుస్తాయి.

అక్క

•

లిఫ్టు మెషీన్ గది
మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించాను. దుప్పట్ల సంగతి వచ్చినప్పుడు పగలబడి నవ్వింది. "మీ అక్కయ్య ఉన్న హోటల్లో దిగాలంటే నాకు భయంగా ఉంది" అంది. తర్వాత, "ఉత్తరాల్లో మీరిద్దరూ ఎంత మాట్లాడుకుంటారండీ" అంది. నేను తలూపాను.

జీవితంలో ఒక్కసారే అని రాశావు. అలాంటిది మాకు ఇచ్చేయడం ఏంటి? నువ్వు ఎవరినైనా స్నేహితురాలిని తీసుకుని వెళ్ళొచ్చుగా. మేం ఇంకెక్కడికైనా వెళ్తాం. ఇంకోసారి ఆలోచించు.

మేం శనివారాలు షాపు మూశాక అరగంట కలుస్తున్నాం. ఆవిడ రోజంతా దగ్గు మందులు, జ్వరం మాత్రలు, కోపంగా వచ్చే జనం, అన్నీ చెప్తుంది. బాగుంటుంది వినడానికి.

ఈ వారం తొమ్మిదో అంతస్తు తలుపు కీచుమంటోంది. నూనె వేశాను. వినడం లేదు.

నీ తమ్ముడు

•

లినెన్ రూమ్
ఏప్రిల్ 14

నట్టూ,

ఆలోచించడానికి ఏమీ లేదు, రాయించేశాను. ఆగస్టు ఎనిమిది శుక్రవారం మధ్యాహ్నం రెండింటి నుంచి పదకొండు సోమవారం పన్నెండు దాకా. మూడో అంతస్తు, మూల గది, రెండు వైపులా కిటికీలు. బుకింగ్ కౌంటర్లో ఉండే అతన్ని మేమందరం కళ్ళజోడు అంటాం. ఫారం నింపుతూ ఒకటికి నాలుగుసార్లు అడిగాడు, "నిజంగానా అమ్మా, మార్చేయమంటారా?" అని. మార్చేయమన్నాను. అంటే, నా పేరు మీదున్న హక్కు నీ పేరుకి మార్చమని. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు, తేదీ జరపడం కూడా కుదరదు. అందుకని ఆ రోజుల్లో ఏ లిఫ్టూ పాడవకుండా చూసుకో.

పెళ్లికి నేను రాలేను. నా మీద అలగకు. గది తీసుకున్నవాళ్ళకి ఆ కాలంలో వేరే సెలవు ఇవ్వరు. వారం సెలవు మాత్రం ఆదివారానికి వేయించుకున్నాను. ఆగస్టు పదో తేదీ మధ్యాహ్నం చీర కట్టుకుని మీ గదికి వస్తాను. యూనిఫాం లేకపోతే వాళ్ళు ఏమీ అనరు. అదే నాకు పెళ్లి.

నా గదిలో ఉండే ఆవిడ పని మానేసి వెళ్ళిపోయింది. ఆరేళ్ళు కలిసి ఉన్నాం. గురక పెట్టేది, నేను రోజూ తిట్టేదాన్ని. ఇప్పుడు ఆ మంచం మీద ఉతికిన బట్టలు పెట్టుకుంటున్నాను. చోటు బాగా కలిసొచ్చింది.

నా పెళ్లి సంగతి నీకు తెలుసు, ఏడాది నిలిచింది. ఆ ఏడాదిలో మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణం కోర్టుకి మాత్రమే. అందుకని నాకు ఇందులో కొంచెం స్వార్థం కూడా ఉందనుకో.

మరదలికి మెత్త దిండు కావాలా, గట్టి దిండా? తనని అడిగి రాయి. తన చేత్తోనే ఒక ముక్క రాయిస్తే ఇంకా మంచిది.

అక్క

•

లిఫ్టు మెషీన్ గది
జూన్ 15

అక్కా,

రెండు వారాలు రాయలేదు. పని ఎక్కువైంది. పాత లిఫ్టు తాళ్ళు మారుస్తున్నాం.

ఆవిడ క్షేమం. గట్టి దిండు.

నీ తమ్ముడు

•

లినెన్ రూమ్
జులై 7

ఒరేయ్,

పెళ్లికొడుకు ఉత్తరమేనా అది? కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది. "గట్టి దిండు" అట. ఇంకో పదిహేడు రోజుల్లో పెళ్లి పెట్టుకుని తాళ్ళు మారుస్తాడట.

భయపడుతున్నావా? భయపడితే చెప్పు, తిడతాను. తిడితే నీకు భయం పోతుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

మరదలి ముక్క కోసం చూస్తున్నాను. తనకి తీరిక లేకపోతే సంతకం పెట్టమను, చాలు. మూడో అంతస్తు గదులు ఊడ్చే పిన్నికి మీ గురించి చెప్పి పెట్టాను. కొత్త దుప్పట్లలో ఒక జత ఎవరికీ ఇవ్వకుండా పై అరలో దాచాను. నాలుగుసార్లు ఉతికాను, మొదటి నాలుగు ఉతుకులదాకా కొత్త దుప్పటి గరగరలాడుతుంది. ఇప్పుడు సరిగ్గా ఉంది.

పెళ్లి అవగానే రాయి. ఎవరేం కట్టుకున్నారు, ఎవరేమన్నారు, అన్నీ కావాలి నాకు.

అక్క

•

ఇంటి నుంచి
జులై 27

ప్రియమైన అక్కకు,

పెళ్లి చాలా బాగా జరిగింది. పొద్దున వాన పడుతుందేమో అనుకున్నాం, కానీ పదింటికల్లా ఎండ వచ్చింది. ఆవిడ నీలం రంగు చీర కట్టుకుంది, అంచు వెండి రంగు. రిజిస్ట్రారుగారు పెద్దమనిషి, మమ్మల్ని కూర్చోబెట్టి రెండు మంచి మాటలు చెప్పారు. సాక్షి సంతకం మా ఫోర్‌మన్ పెట్టారు. ఆయన పెన్ను రాయకపోతే ఆవిడ తన బ్యాగులోంచి పెన్ను తీసి ఇచ్చింది, అందరం నవ్వుకున్నాం. షాపు వాళ్ళు పెద్ద పూలగుత్తి పంపారు. తర్వాత అందరం హోటలుకు వెళ్ళి భోజనం చేశాం. ఆవిడ నీ గురించి మాటిమాటికీ తలుచుకుంది. నువ్వు లేని లోటు తప్ప ఏ లోటూ లేదు. ఫోటోలు తీసినతను ఊరెళ్ళాడు, రాగానే పంపిస్తాను. ఆవిడే ఉత్తరం రాద్దామనుకుంది, కానీ చేతికి చిన్న దెబ్బ తగిలింది, కంగారు పడాల్సింది ఏమీ లేదు. మేమిద్దరం ఎనిమిదో తేదీన బయలుదేరి వస్తున్నాం. నీకు ఎంతో రుణపడి ఉన్నాం.

ఇట్లు,
నీ తమ్ముడు, మరదలు

•

లినెన్ రూమ్
ఆగస్టు 2

నట్టూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత వివరంగా నువ్వు ఎనిమిదో తరగతిలో రాశావు, ఆ తర్వాత ఇప్పుడే. నీలం చీర, వెండి అంచు. చీర అంచు నీ కంటికి ఆనిందంటే ప్రేమ గొప్పదేనని ఒప్పుకుంటున్నాను.

మరదలి చేతికి దెబ్బ ఎలా తగిలింది? కుడి చెయ్యా ఎడమ చెయ్యా?

దిగే రోజు సంగతులు. నన్ను వెతుక్కుంటూ కిందికి రాకు, నా ఉద్యోగం పోతుంది. ఏదైనా చెప్పాలంటే మురికి బట్టల సంచిలో కాగితం వెయ్యి, ఆ సంచి సరాసరి నా బల్ల మీదకే వస్తుంది. నా జవాబు తువ్వాళ్ళ మడతలో వస్తుంది. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నట్టు ఉత్తరాలు రాసుకున్నాం, ఇప్పుడు ఒకే కప్పు కింద ఉండి కూడా ఉత్తరాలే. నవ్వొస్తోంది నాకు.

ఆదివారం నాలుగింటికి వస్తాను. మరదలికి ఏం ఇష్టమో నువ్వు రాయలేదు. అందుకని నాకు తోచింది కొన్నాను.

అక్క

•

మూడో అంతస్తు, మూల గది
ఆగస్టు 8, శుక్రవారం, సాయంత్రం
(బట్టల సంచిలో)

అక్కా,

దిగాం. గది చాలా బాగుంది. ఆవిడ ప్రయాణం బడలికతో పడుకుంది. మంచం మీద దుప్పటి చూడగానే నువ్వు ఉతికి దాచిందేనని తెలిసింది, మడత గీతలు నువ్వు వేసినట్టే ఉన్నాయి.

ఒక మాట. ఆవిడకి షాపు నుంచి ఫోను వచ్చింది. ఆదివారం పొద్దున్నే తిరిగి వెళ్ళాల్సి రావచ్చు. నాలుగింటిదాకా ఉండలేమేమో. ఏమీ అనుకోకు.

తమ్ముడు

•

లినెన్ రూమ్
శుక్రవారం, పని దిగే ముందు
(తువ్వాలు మడతలో)

నట్టూ,

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? చివరిసారి నాలుగేళ్ళ కిందట బస్టాండులో గంటసేపు చూశాను నిన్ను. అప్పుడు కూడా నువ్వు బస్సు వైపే చూస్తూ కూర్చున్నావు.

పోనీలే. ఉద్యోగం అంటే ఉద్యోగమే. ఆదివారం పొద్దున మీరు బయటికి వెళ్ళేటప్పుడు వెనక గేటు పక్కనుంచి దాటండి, కిటికీలోంచి ఇద్దరినీ చూస్తాను. నేలకింద గది కదా, నా కిటికీకి కాళ్ళే కనిపిస్తాయి. మరదలి కాళ్ళయినా చూస్తాను.

రేపు పొద్దున మీ గది బట్టలు దిగుతాయి. జాగ్రత్త.

అక్క

•

లినెన్ రూమ్
ఆగస్టు 9, శనివారం, మధ్యాహ్నం
(తువ్వాలు మడతలో)

నట్టూ,

మీ గది మూట పదకొండింటికి వచ్చింది. చేతిలో పనంతా పక్కన పెట్టి దాన్ని ముందు విప్పాను.

రెండు దిండు గలీబులూ నలిగి ఉన్నాయి. ఒకటి తల పెట్టి నలిగింది. వెడల్పుగా, పక్కకు జారి, కొంచెం నూనె మరకతో ఉంది. రెండోది పిడికిలితో నలిపింది. నడిమధ్యన ఒక్కచోటే నలిగింది, చుట్టూ ఇస్త్రీ అలాగే ఉంది. ఒక్క వెంట్రుక లేదు. దిండు మీద గుద్దితే మనిషి పడుకున్నట్టు కాదురా.

రెండు తువ్వాళ్ళూ తడిగా ఉన్నాయి. ఒళ్ళు తుడుచుకున్న తువ్వాలు మధ్యలో తడుస్తుంది, అంచులు పొడిగా ఉంటాయి. రెండోదాని మూల కుళాయి కింద పెట్టినట్టు తడిసింది. పైగా మూడు మడతలు వేసి పెట్టావు. హోటల్లో తడి తువ్వాలు మడత పెట్టే ఆడది గానీ మగాడు గానీ ఇంతవరకు పుట్టలేదు. అది నేను నీకు ఆరేళ్ళప్పుడు నేర్పిన మడత. రెండు దిండు గలీబుల నోళ్ళూ లోపలికి మడిచి పెట్టావు. అది కూడా నేను నేర్పిందే.

మూడో అంతస్తు పిన్నిని అడిగాను. ఆవిడ తల దించుకుని, "నన్నడక్కమ్మా, ఆ దిండ్లనే అడుగు" అంది.

నట్టూ, ఆ గదిలో నువ్వు ఒక్కడివే ఉన్నావు.

ఏం జరిగింది? చెప్పు. ఈసారి పొడుగ్గా రాయకు. అబద్ధం చెప్పేటప్పుడే నువ్వు పొడుగ్గా రాస్తావు.

అక్క

•

మూల గది
శనివారం, మూడు గంటలు
(బట్టల సంచిలో)

అక్కా,

అవును. ఒక్కడినే.

జూన్ మొదటి వారంలో ఆవిడ వద్దంది. కోపంగా కాదు, చాలా మర్యాదగా. నలభై నిమిషాలు తలుపు అవతల మాట్లాడిన మనిషి కోసం ఏడు నెలలు ఎదురు చూశానంది. తలుపు తెరుచుకున్నాక ఆ మనిషి మళ్ళీ రాలేదంది. శనివారం శనివారం ఎదురుగా కూర్చుని నేను తలూపడం తప్ప ఏమీ చేయలేదు. చెప్పాలనుకున్నవన్నీ లోపలే ఉండేవి. "ఆ రోజు అనిపించని భయం, ఇప్పుడు మీ పక్కన కూర్చుంటే అనిపిస్తోంది. ఎవరూ మాట్లాడని లిఫ్టులో ఉన్నట్టుంది" అంది. ఆ మాటకి కూడా నేను తలూపాను అక్కా.

నీకు రాద్దామని పన్నెండు కాగితాలు చింపాను. నువ్వు దుప్పటి నాలుగుసార్లు ఉతికానని రాశావు. నీకు జీవితంలో ఒక్కసారే దక్కే గది ఇది, వెనక్కి ఇవ్వడం కుదరదన్నావు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? పెళ్లి అయిందని రాశాను. నీలం చీర అబద్ధం. రిజిస్ట్రారు అబద్ధం. రెండు దిండ్లు నలిపేసి ఆదివారం వెళ్ళిపోదామనుకున్నాను.

కానీ నువ్వు కూడా అబద్ధం ఆడావు.

నిన్న కౌంటర్లో సంతకం కోసం కళ్ళజోడాయన ఫారం నా ముందు పెట్టాడు. పైన తేదీ జనవరి ఇరవై. నీకు నా ఉత్తరం వచ్చింది ఫిబ్రవరిలో. అతిథి పేరు దగ్గర నీ పేరు కొట్టేసి నా పేరు రాసి ఉంది. అతిథులు ఎంతమంది అన్నచోట 'ఒకరు' అని నీ చేతిరాత. అది కొట్టేసి పైన 'ఇద్దరు' అని ఉంది. నేను ఆయన్ని అడిగాను. జనవరిలోనే నువ్వు వచ్చి రాయించుకున్నావట. "మీ అక్కగారు పదేళ్ళలో ముందు గుమ్మంలోంచి రావడం ఆ రోజే చూశాను" అన్నాడు. నువ్వుండే చోటికి సముద్రం వినబడుతుందేగానీ కనబడదట. సిబ్బంది సెలవు రోజైనా సముద్రం వైపుకి వెళ్ళకూడదట. నాకు రోజూ కనిపించేదే అని రాశావు నువ్వు.

నేను ఆయనతో ఒక పని చేయించాను. రెండో అతిథి పేరు దగ్గర నీ పేరు రాయించాను. రేపు నీకు సెలవు. సోమవారం పన్నెండు దాకా ఈ గది నీది కూడా. నాలుగింటికి చుట్టపుచూపుగా రాకు. పొద్దున్నే సంచి పట్టుకుని ముందు గుమ్మంలోంచి రా.

నేను సోమవారం మొదటి బస్సుకి వెళ్ళాలి, పాత లిఫ్టు తనిఖీ ఉంది. ఇది నిజం.

నీ తమ్ముడు

•

లినెన్ రూమ్
శనివారం, ఐదు గంటలు
(తువ్వాలు మడతలో)

నట్టూ,

ముందు నాకు ఒళ్ళు మండింది. నా ఫారం చూడమని నిన్నెవరు అడిగారు? ఆ కళ్ళజోడుని రేపు పట్టుకుంటాను.

అవును, నాకోసమే రాయించుకున్నాను. మూడు రోజులు ఎవరి దుప్పటీ ఉతకకుండా, ఎవరో ఉతికిన దుప్పటి మీద పడుకుని సముద్రం చూద్దామనుకున్నాను. స్నేహితురాలిని తీసుకెళ్ళమన్నావు. ఎవరిని తీసుకెళ్ళను? ఫారంలో ఎంతమంది అని ఉంటే 'ఒకరు' అని రాశాను. ఆ అక్షరాలు రాసినప్పుడు నాకేమీ అనిపించలేదు. నీ ఉత్తరం వచ్చాక కొట్టేసి 'ఇద్దరు' అని రాస్తుంటే మాత్రం చాలా సంతోషమేసింది. మన ఇంట్లో ఒకరైనా ఇద్దరయ్యారు కదా అనిపించింది.

నీ నోరు పడిపోవడానికి కారణం నేనే. నిన్ను హాస్టల్లో దింపినప్పుడు ఏం చెప్పానో గుర్తుందా? ఏడుపొస్తే మనుషుల ముందు ఏడవకు, కాగితం మీద ఏడువు, నాకు పంపు అన్నాను. నీకప్పుడు తొమ్మిదేళ్ళు. నువ్వు నా మాట జవదాటవు కదా. అప్పట్నుంచీ మనుషుల ముందు నోరు విప్పలేదు. నేను మాత్రం అంతకంటే ఏం వెలగబెట్టాను? నేలకింద కూర్చుని జనాన్ని దుప్పట్లలో చూసుకుంటున్నాను.

నువ్వు ఆడిన అబద్ధానికి నిన్ను తర్వాత తిడతాను. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. అది మాత్రం ఇప్పుడే చెప్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి వస్తాను. రెండు మంచాలు కలిపి వేసిందే ఆ పెద్ద మంచం. ఇద్దరం చెరోవైపు లాగితే విడిపోతుంది. ఒంటిచేత్తో లాగకు, నడుము పట్టేస్తుంది.

అక్క

•

లినెన్ రూమ్
ఆగస్టు 17, ఆదివారం

నట్టూ,

నువ్వు క్షేమంగా చేరావని కార్డు అందింది. లిఫ్టు తనిఖీలో పాసయిందట, సంతోషం.

నీకు తెలిసినదే మళ్ళీ రాస్తున్నాను. మనం ఫోటో తీసుకోలేదు, అందుకని.

తొమ్మిదింటికి ముందు గుమ్మం దగ్గర కళ్ళజోడు లేచి నిలబడి నా సంచి అందుకోబోయాడు. ఇవ్వలేదు. అలవాటు లేక. నువ్వు తలుపు తీసి పక్కకు జరిగావు. బాల్కనీలో రెండు కుర్చీలు వేసి ఉంచావు, నేను కూర్చున్నాను. సముద్రం గురించి నేనేమీ రాయను. పెద్దగా ఉంది. పదేళ్ళు చెవితో విని నేను అనుకున్నదానికంటే చాలా పెద్దగా ఉంది, చాలాసేపు నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు చూశావు. చూసి తలూపావు. నాకప్పుడు ఆ మందుల షాపు అమ్మాయి మీద జాలేసింది.

మంచాలు విడదీశాం. చెరో గోడకీ జరిపాం. టీ తాగాం. పదకొండయింది. నువ్వు ఇంకా తలూపుతూనే ఉన్నావు. ఇక నావల్ల కాలేదు. లేచి బయటికెళ్ళి తలుపు దగ్గరికేసి వరండాలో నిలబడ్డాను. "నట్టూ, ఇరుక్కుపోయాను, మాట్లాడు" అన్నాను. పిన్ని చీపురు పట్టుకుని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత తలుపుకి ఆనుకుని నువ్వు మొదలుపెట్టావు. ముందు తొమ్మిదో అంతస్తు తలుపు కీచు గురించి. తర్వాత ఆ అమ్మాయి గురించి. ఆవిడ మాత్రలు లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదులుతాయని, ఆ మాట ఆవిడకి చెప్పాలని ఏడు నెలలు అనుకున్నావని. జూన్ నుంచి అన్నం వండుకోవడం మానేశావని. పెళ్లి ఉత్తరం రాస్తున్నప్పుడు అదంతా నిజంగా జరిగినట్టే అనిపించిందని, పోస్టు చేసి ఇంటికొచ్చాక గది చూస్తే భయమేసిందని.

నేను నెమ్మదిగా తలుపు తోశాను. నువ్వు నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నావు. నన్ను చూశావు. నువ్వు ఆపలేదు.

అదే నేను రాయాలనుకున్నది. నువ్వు ఆపలేదు. సాయంత్రం దాకా మాట్లాడావు. మధ్యలో నేను కూడా మాట్లాడాను, నా గదిలో ఖాళీ మంచం సంగతి, నీకు ఎప్పుడూ రాయనివి ఇంకా కొన్ని. నువ్వు తలూపకుండా "ఎందుకు రాయలేదు?" అని అడిగావు. అలా అడగొచ్చని నేను మర్చిపోయాను.

సోమవారం నువ్వెళ్ళాక పన్నెండు దాకా నేనొక్కదాన్నే ఉన్నాను. దుప్పటి సర్దబోయాను. రెండుసార్లు చెయ్యి దాని దాకా చాపి వెనక్కి తీసుకున్నాను. అలాగే వదిలేసి మెట్లు దిగి, వెనకనుంచి వచ్చి యూనిఫాం వేసుకుని ఒంటిగంటకి పనిలో కూర్చున్నాను. రెండింటికి ఆ గది మూట నా బల్ల మీదకు దిగింది. విప్పాను. రెండు దిండు గలీబులు. ఒకదాని మీద నీ నూనె, ఒకదాని మీద నా తెల్ల వెంట్రుక. రెండూ మనుషులు పడుకున్నవే.

కాసేపు పక్కన పెట్టుకున్నాను. తర్వాత ఉతకడానికి వేశాను, ఆ గదికి వేరేవాళ్ళు దిగుతున్నారు.

మరదలి కోసం కొన్నది నా దగ్గరే ఉంది. కంగారేమీ లేదు, అది పాడయ్యే వస్తువు కాదు. ఆవిడ షాపుకి వెళ్ళి పెదాల సంగతి చెప్తావో లేదో నీ ఇష్టం. ఆవిడ ఏమన్నా, ఏమీ అనకపోయినా, చెప్పడం మాత్రం నీ చేతిలో ఉంది.

వచ్చే ఆదివారం రాయి. పొట్టిగా రాయి.

అక్క